తోడేళ్లకు 332 ఎకరాలు సరిపోతాయా? బంకాపుర అభయారణ్యం నుంచి బీర్పూర్ గొర్రెల మంద దాకా తెలుసుకోవాల్సిన విషయాలు

తెల్లారి లేచి చూస్తే దొడ్డిలో రెండు గొర్రె పిల్లలు లేవు. ఇంకొకటి గొంతు దగ్గర గాయంతో పడి ఉంది. ఎవరో ఫోన్ తీసి వీడియో తీస్తారు. మధ్యాహ్నానికి అది పది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. కింద ఒకరు ‘తోడేలు’ అని, మరొకరు ‘చిరుత’ అని, ఇంకొకరు ‘ఊరకుక్కలే’ అని రాస్తారు. గొర్రెల కాపరికి మాత్రం ఒకటే ప్రశ్న: ఈ నష్టం ఎవరు కట్టిస్తారు?

జగిత్యాల జిల్లా బీర్పూర్ లాంటి మండలంలో ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. ఒకవైపు రోళ్లవాగు, మరోవైపు గోదావరి, నది దాటితే కవ్వాల్ అడవులు. మధ్యలో గుట్టలు, పొదలు, కోత అయిపోయిన పొలాలు, వాటిలో మేసే మందలు. అడవి జంతువుకూ, మందకూ మధ్య ఇక్కడ కంచె ఉండదు.

మరోపక్క పొరుగున ఉన్న కర్ణాటకలో ఒక రాష్ట్ర ప్రభుత్వం తోడేళ్ల కోసమే 332 ఎకరాలు కేటాయించింది. తోడేళ్లు దాదాపు సహజ పరిస్థితుల్లో పిల్లలు పెట్టి, పెంచుకునే చోటు అది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఏమిటి? తోడేలును చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? అది మన మంద మీద పడితే ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా క్లుప్తంగా

• కొప్పళ జిల్లాలోని బంకాపుర కర్ణాటకలో తొలి తోడేళ్ల అభయారణ్యం. విస్తీర్ణం 332 ఎకరాలు.

• దేశంలో తోడేళ్ల కోసమే ఏర్పాటైన మొదటి అభయారణ్యం జార్ఖండ్‌లోని మహువాడాండ్. దాన్ని 1976లో ప్రకటించారు.

• తోడేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని షెడ్యూల్-1 జంతువు. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

• అడవి జంతువు పశువును చంపితే అటవీ శాఖ నుంచి పరిహారం కోరవచ్చు. ఊరకుక్కలు చంపితే ఆ పరిహారం వర్తించదు. అందుకే దాడి చేసింది ఏ జంతువో తేలడం ముఖ్యం.

బంకాపుర ఎక్కడుంది? అక్కడ ఏముంది?

కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలో ఉంది. హంపి చూడటానికి వెళ్లి, తుంగభద్ర దాటి ఆనెగొంది దాకా వెళ్లినవాళ్లకు గంగావతి పేరు తెలిసే ఉంటుంది. తుంగభద్ర ఆనకట్ట కట్టాక కోస్తా జిల్లాల నుంచి వెళ్లి వరి సాగు చేసుకుంటూ స్థిరపడిన తెలుగు కుటుంబాల ‘క్యాంపులు’ ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. కాలువ నీళ్లు పారిన చోట పచ్చటి వరి, నీళ్లు ఎక్కని చోట రాళ్ల గుట్టలు, ముళ్ల పొదలు, గడ్డి. ఆ రెండో రకం నేలే తోడేలు ఇల్లు.

మ్యాప్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. హావేరి జిల్లాలో కూడా బంకాపుర ఉంది. అక్కడ పాత కోట, నెమళ్ల అభయారణ్యం ఉన్నాయి. తోడేళ్ల బంకాపుర అది కాదు.

ఇక్కడి రాతి గుట్టల్లో సహజంగా ఏర్పడిన గుహలు, సొరంగాల్లాంటి సందులు ఉన్నాయి. తోడేలు పిల్లలు పెట్టడానికి వెతుక్కునేది ఇలాంటి చోటునే. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ ఒక ఆడ తోడేలు ఎనిమిది పిల్లలను పెట్టిన సంగతిని కర్ణాటక ప్రభుత్వం వెల్లడించింది. ఈ వార్తతోనే బంకాపుర పేరు దేశమంతా వినిపించింది.

జూకూ, అభయారణ్యానికీ తేడా ఏమిటి?

‘తోడేళ్ల పార్కు’ అనగానే చాలామందికి టికెట్, కంచె, బోర్డు గుర్తొస్తాయి. నిజానికి వీటిలో మూడు రకాలున్నాయి.

మొదటిది జూ. జంతువు ఎన్‌క్లోజర్‌లో ఉంటుంది. తిండి మనుషులు పెడతారు. వైద్యం చేస్తారు. దేశంలోని జూలన్నీ 1992లో ఏర్పాటైన కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపుతో నడవాలి. వారంలో ఒక రోజు సందర్శకులకు సెలవు ఉండాలన్నది కూడా నిబంధనే. హైదరాబాద్‌ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ సోమవారం మూసి ఉండటానికి కారణం ఇదే.

రెండోది సహజత్వానికి దగ్గరగా ఉండే విశాలమైన ఎన్‌క్లోజర్. ఇక్కడా కంచె ఉంటుంది, తిండి పెట్టేదీ మనుషులే. కానీ లోపల గుట్ట, పొద, నేల తవ్వుకునే వీలు ఉంటాయి. సందర్శకుడికి కనిపించకుండా దాక్కునే హక్కు జంతువుకు ఉంటుంది. ఒంటరిగా కాకుండా గుంపుగా ఉంచుతారు. యూరప్‌లో, అమెరికాలో ‘వైల్డ్‌లైఫ్ పార్కు’ అనే చోట్లు చాలావరకు ఇలాంటివే. జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ జాతీయ పార్కులో తోడేళ్లను చూపించేది ఈ పద్ధతిలోనే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1972లో మొదలైన ‘వుల్ఫ్ పార్క్’ కూడా ఈ కోవలోదే. అక్కడ తోడేళ్ల ప్రవర్తనను దగ్గర నుంచి గమనించి నమోదు చేస్తుంటారు.

మూడోది అభయారణ్యం. ఇక్కడ తోడేలు ఎవరి పెంపకంలోనూ లేదు. వేట దానిదే, చావు దానిదే. ప్రభుత్వం చేసేది నేలను కాపాడటం, మనుషుల రాకపోకలను అదుపులో ఉంచడం. బంకాపుర ఈ మూడో రకం. కాబట్టి అక్కడికి వెళ్లి ‘తోడేలు ఎక్కడ?’ అని అడిగితే చూపించే ఏర్పాటు ఆశించకూడదు. చట్టం ప్రకారం ఏ అభయారణ్యంలోకైనా అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఫొటోలు తీయడానికీ అంతే.

332 ఎకరాలు తోడేలుకు ఎంత?

అసలు విషయం ఇక్కడే ఉంది.

332 ఎకరాలంటే దాదాపు 1.34 చదరపు కిలోమీటర్లు. భారతీయ తోడేలు గుంపు తిరిగే ప్రాంతం సుమారు 150 నుంచి 300 చదరపు కిలోమీటర్లు ఉంటుందని రేడియో కాలర్ అధ్యయనాలు చెబుతున్నాయి. తక్కువ లెక్క తీసుకున్నా దాదాపు 37 వేల ఎకరాలు. అంటే బంకాపుర మొత్తం కలిపినా ఒక గుంపు తిరిగే నేలలో నూటికి ఒక వంతు కూడా కాదు.

మరి ఈ అభయారణ్యం వల్ల లాభం ఏమిటి? ఇంట్లో పురిటి గది లాంటిది అనుకోండి. తోడేలు గర్భం సుమారు రెండు నెలలు. పుట్టినప్పుడు పిల్లలకు కళ్లు తెరిచి ఉండవు. తొలి వారాల్లో తల్లి బొరియ వదలదు. గుంపులోని మిగతా తోడేళ్లు తిండి తెచ్చి పెడతాయి. ఆ సమయంలో ఎవరైనా బొరియలో పొగ పెట్టినా, రాళ్లు అడ్డం పెట్టి మూసినా ఒక తరం పోతుంది. పురిటి గదిని కాపాడితే ఆ తరం మిగులుతుంది.

కానీ పిల్లలు పెద్దవయ్యాక ఆ గదిలో ఉండవు. వేటకు బయటికి రావాలి. బయట ఉన్నది పొలాలు, ఊళ్లు, రోడ్లు, గొర్రెల మందలు. అంటే తోడేలు బతుకు తేలేది అభయారణ్యం లోపల కాదు, బయట. దాన్ని కాపాడేదీ, చంపేదీ ఆ చుట్టుపక్కల ఊళ్లే.

మిగతా చోట్ల లెక్క కూడా ఇంతే. మహువాడాండ్ విస్తీర్ణం 63 చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. మన నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు 6 చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. ఒక్క గుంపు అవసరానికి రెండూ చాలవు. పోలిక కోసం అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కు దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. ఆఖరి తోడేలునూ వేటాడేశాక, 1995లో కెనడా నుంచి 14, మరుసటి ఏడాది 17 తోడేళ్లను తెచ్చి అక్కడ వదిలారు. అంత పెద్ద పార్కులో కూడా తోడేళ్లు హద్దు దాటి పశువుల రాంచీలకు వెళ్లాయి. అందుకే ‘డిఫెండర్స్ ఆఫ్ వైల్డ్‌లైఫ్’ అనే సంస్థ, తోడేళ్లను వదలకముందే, 1987 నుంచే ఆ ప్రాంత పశుపోషకులకు నష్టం చెల్లించడం మొదలుపెట్టింది. తోడేళ్ల కంటే ముందు పరిహారం వచ్చిందన్నమాట. గుర్తుపెట్టుకోవాల్సిన వరస ఇది.

అసలు ఎన్ని మిగిలాయి?

భారతీయ తోడేళ్లు సుమారు 3 వేలు ఉండొచ్చని అంచనా. దేశంలోని పులుల సంఖ్య 2022 లెక్కల ప్రకారం సగటున 3,682. అంటే తోడేలు పులి కంటే అరుదు అయినా కావచ్చు. పులికి యాభైకి పైగా రిజర్వులున్నాయి. తోడేలు పేరు మీద ఉన్న అభయారణ్యాలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంకో సంగతి. 2021లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం, బతికి ఉన్న తోడేళ్ల వంశాల్లో భారతీయ తోడేలు వంశం అతి పురాతనమైన వాటిలో ఒకటి. యూరప్, అమెరికా తోడేళ్ల కంటే ముందే వేరుపడింది. ఇక్కడ పోతే మరెక్కడి నుంచో తెచ్చి వదలడానికి కుదరదు. యెల్లోస్టోన్‌కు కెనడా ఉంది. మనకు అలాంటి కెనడా లేదు.

తగ్గడానికి కారణాలు చాలావరకు నేలతో ముడిపడి ఉన్నవే. తోడేలుకు దట్టమైన అడవి కంటే గడ్డి, పొదలు ఉన్న బయలు ఇష్టం. మన రికార్డుల్లో ఆ నేల పేరు పోరంబోకు, బంచరాయి, కంచ. కాగితం మీద అది ‘ఖాళీ జాగా’. కొత్త వెంచరైనా, సోలార్ ప్లాంటైనా, పరిశ్రమల పార్కైనా ముందు కన్ను పడేది దాని మీదే. 2025లో హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం గుర్తుందా? చెట్లు కొట్టడం ఆపాలని ఆ ఏడాది ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఊరి పేరు ముందున్న ‘కంచ’ అర్థం పశువులు మేసే పొదల బీడు అనే. అలాంటి బీళ్లు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వాటి గురించి చర్చ మాత్రం జరగదు.

రెండో ముప్పు ఊరకుక్కలు. వాటి నుంచి తోడేళ్లకు రేబిస్, డిస్టెంపర్ జబ్బులు అంటుకుంటాయి. కుక్కలతో కలిసి సంకర పిల్లలు పుడతాయి. మహారాష్ట్రలోని పుణె పరిసరాల్లో ఇలాంటి సంకరాన్ని జన్యు పరీక్షలతో నిర్ధారించారు. ఊరి చివర మాంసం వ్యర్థాలు పారబోసే చోటు, కుక్కల సంఖ్య, తోడేలు భవిష్యత్తు మూడూ ఒకే సమస్య.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ ఉన్నాయి?

రాయలసీమ బీళ్లు, తెలంగాణలో పాత మహబూబ్‌నగర్ జిల్లా వైపు మెట్ట ప్రాంతాలు తోడేలుకు అనువైనవి. కృష్ణజింకలు మిగిలిన చోట్ల తోడేళ్లకూ తిండి దొరుకుతుంది.

రోళ్లపాడును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. గడ్డి నేల కాబట్టి తోడేళ్లు, కృష్ణజింకలు కూడా ఉన్నాయి. కానీ ఏ పక్షి కోసం ఆ చోటును కాపాడారో అది అక్కడ కనిపించడం కొన్నేళ్లుగా దాదాపు ఆగిపోయింది. పక్షి కూడా తోడేలు లాగే హద్దు లోపల కూర్చోలేదు. బయట పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి. చిన్న ముక్కకు కంచె వేసి చుట్టూ ఉన్నదాన్ని వదిలేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు విషయానికొస్తే, గోదావరికి అవతల ఉన్న కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతం 890 చదరపు కిలోమీటర్ల పైమాటే. అది ప్రధానంగా టేకు అడవి. చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలకు ప్రసిద్ధి. బయలును ఇష్టపడే తోడేలుకు అడవి నడిబొడ్డు కంటే అంచున ఉన్న గుట్టలు, బీళ్లే నచ్చుతాయి. ఆ అంచునే మన ఊళ్లు ఉన్నాయి.

కనిపించింది తోడేలేనా?

పరిహారం దగ్గర తేడా వచ్చేది ఇక్కడే కాబట్టి గుర్తులు తెలుసుకోండి.

• తోడేలు: బూడిద, గోధుమ కలిసిన రంగు. పొడవైన సన్నటి కాళ్లు, పెద్ద తల. బరువు సుమారు 20 కిలోలు. తోక వంకర తిరగదు, కిందికి వేలాడుతుంది.

• నక్క: తోడేలు బరువులో సగం ఉంటుంది. కాళ్లు పొట్టి, మూతి సన్నం. గొర్రె పిల్లను ఎత్తుకుపోగలదు కానీ పెద్ద గొర్రెను చంపడం అరుదు.

• గుంటనక్క: పిల్లి కంటే కాస్త పెద్దది. తోక చివర నలుపు. మందకు దీనివల్ల ప్రమాదం లేదు.

• రేచుకుక్క: ఇటుక రంగు ఒళ్లు, కుచ్చులా నల్లటి తోక. గుంపుగా పగలే వేటాడుతుంది. అడవి వదిలి బయటికి రావడం తక్కువ.

• హైనా: ఒంటి మీద నిలువు చారలు. ముందు భాగం ఎత్తు, వెనక భాగం పల్లం. ఎక్కువగా చచ్చిన జంతువులనే తింటుంది.

• ఊరకుక్కలు: ఒకే రాత్రి చాలా జీవాలను కరిచి, తినకుండా వదిలేసి పోతే ముందు అనుమానించాల్సింది వీటినే. కాళ్లు, తొడలు, చెవుల మీద చిందరవందరగా కాట్లు ఉంటాయి.

ఇవి తొలి అంచనాకే. పాదముద్రలు, కాట్ల తీరు చూసి తేల్చాల్సింది అటవీ సిబ్బంది, పశువైద్యుడు.

చలికాలంలో గుట్టల దగ్గర కుక్కపిల్లల్లాంటివి కనిపిస్తే ‘పాపం, తల్లి లేదు’ అని ఇంటికి తేవద్దు. తోడేళ్లు ఎక్కువగా చలికాలంలోనే పిల్లలు పెడతాయి. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. తాకకుండా వచ్చేసి అటవీ సిబ్బందికి చెప్పడం మీ పని.

మనుషుల మీద పడుతుందా?

సాధారణంగా తోడేలు మనిషిని చూసి తప్పుకుంటుంది. అలాగని ప్రమాదమే లేదనడం అబద్ధం. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లా మహసీ ప్రాంతంలో తోడేళ్ల దాడుల్లో పలువురు చనిపోయారు. ఎక్కువ మంది చిన్న పిల్లలు. తలుపుల్లేని ఇళ్లలో, ఆరుబయట పడుకున్న పేద కుటుంబాలకే ఆ నష్టం జరిగింది. ‘ఆపరేషన్ భేడియా’ పేరుతో అటవీ శాఖ తోడేళ్లను పట్టాల్సి వచ్చింది.

అలాంటి దాడులు అరుదు. కానీ మీ ప్రాంతంలో తోడేలు తిరుగుతోందని తెలిస్తే పిల్లలను ఆరుబయట పడుకోబెట్టవద్దు. చీకట్లో ఒంటరిగా బహిర్భూమికి పంపవద్దు. ఏ అడవి జంతువు కరిచినా, గీరినా వెంటనే గాయాన్ని సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టవద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. గాయం తీవ్రమైతే 108కి ఫోన్ చేయండి.

అడవి జంతువుల దాడిలో మనిషి చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు, తీవ్ర గాయాలకు 2 లక్షలు, స్వల్ప గాయాలకు చికిత్స కోసం 25 వేల దాకా చెల్లించేలా కేంద్రం తన పథకాల్లో 2023 డిసెంబరులో మొత్తాలను పెంచింది. పంట, పశు నష్టాలకు రాష్ట్రాల నిబంధనలు వర్తిస్తాయి.

మంద మీద దాడి జరిగితే ఏం చేయాలి?

1. చచ్చిన జీవాన్ని కదిలించవద్దు, పూడ్చవద్దు, అమ్మవద్దు. పరిహారానికి మొదటి సాక్ష్యం అదే.

2. ఫొటోలు, వీడియో తీయండి. గాయాలు, చుట్టూ ఉన్న పాదముద్రలు, చెవి ట్యాగు ఉంటే అది స్పష్టంగా కనిపించాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే మంచిది. పాదముద్ర పక్కన అగ్గిపెట్టె పెడితే సైజు తెలుస్తుంది.

3. అదే రోజు బీట్ ఆఫీసర్‌కు గానీ రేంజ్ కార్యాలయానికి గానీ చెప్పండి. ఎవరో తెలియకపోతే పంచాయతీ కార్యదర్శిని అడగండి. జిల్లా అటవీ అధికారి కార్యాలయానికీ ఫోన్ చేయవచ్చు. మనుషులకు ప్రమాదం ఉంటే 112.

4. మండల పశువైద్యుడిని పిలిపించండి. చావుకు కారణం, జీవం విలువ ఆయన నివేదికలో ఉండాలి. పరిహారం మొత్తం తేలడంలో అది కీలకం.

5. సిబ్బంది పంచనామా రాసేటప్పుడు దగ్గరుండండి. చచ్చినవి, గాయపడినవి, కనిపించకుండా పోయినవి మూడూ విడివిడిగా రాయించండి.

6. దరఖాస్తుకు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు జత చేసి, అందినట్టు సంతకం లేదా ముద్ర తీసుకోండి.

చెప్పడానికి ఇది తేలికే. మంద వెంట తిరిగే మనిషికి ఎంత కష్టమో చూడండి. తోడేలు చాలాసార్లు పిల్లను నోట కరుచుకుని పోతుంది. శవం దొరకదు. శవం లేకపోతే పంచనామా లేదు. మంద మరో ఊరి పొలంలో ఉంటే ఏ రేంజ్‌కు చెప్పాలో తెలియదు. ఒక్క పిల్ల కోసం రెండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగితే, మిగతా మందను ఎవరు మేపాలి? అందుకే చాలామంది దరఖాస్తే చేయరు. నష్టం రికార్డుల్లోకి ఎక్కదు. రికార్డుల్లో లేని నష్టానికి బడ్జెట్ కూడా ఉండదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అంత చిన్న మందలో ఒక్క రాత్రి మూడు జీవాలు పోతే ఏడో వంతు ఆస్తి పోయినట్టే. జీతం తీసుకునేవాళ్ల భాషలో చెప్పాలంటే ఏడాదిలో దాదాపు రెండు నెలల జీతం.

నష్టం తగ్గించుకునే దారులేమిటి?

కాపరులకు తెలిసిన పద్ధతులే ఎక్కువగా పనిచేస్తాయి. రాత్రి మందను దొడ్డిలో తోలి, పిల్లలను తల్లుల మధ్య విడిగా గంప కింద గానీ, వల లోపల గానీ ఉంచడం. మంద దగ్గర మనిషి పడుకోవడం. టీకాలు వేయించిన కుక్కలను కాపలా పెట్టుకోవడం. చీకటి పడకముందే వెనక్కి తోలడం. తోడేలు ఒంటరిగా వెనకపడిన పిల్లను ఎంచుకుంటుంది. మంద దగ్గరగా ఉన్నంతసేపు దానికి అవకాశం తక్కువ. చచ్చిన పశువులను ఊరి చివర పారేయకుండా పూడిస్తే కుక్కలూ, తోడేళ్లూ ఊరి దగ్గరికి చేరవు.

విసిగిపోయి చంపితే?

షెడ్యూల్-1 జంతువును వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత కనీస జరిమానా 25 వేల రూపాయలు. పట్టడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, వాటి కోసం ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారితే, లేదా జంతువు కోలుకోలేని స్థితిలో ఉంటే మాత్రమే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వగలరు. అదీ పట్టడానికో, తరలించడానికో కుదరదని తేలాకే. గొర్రెలను చంపింది కాబట్టి తోడేలును చంపవచ్చు అనే వెసులుబాటు చట్టంలో లేదు.

మాంసంలో గుళికలు కలిపి పెట్టడం మరీ ప్రమాదం. అది తినేది తోడేలు ఒక్కటే కాదు. మీ కాపలా కుక్క, రాబందు, గద్ద అన్నీ తింటాయి.

చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

పిల్లలకు అడవి జంతువులను దగ్గరగా చూపించాలంటే జూకు మించిన దారి లేదు. హైదరాబాద్ నెహ్రూ జూ 1963 నుంచి ఉంది, 380 ఎకరాలు. విశాఖ జూ 1977లో మొదలైంది, కంబాలకొండ అడవి అంచున 625 ఎకరాల్లో విస్తరించింది. రేచుకుక్కల సంరక్షణ, పునరుత్పత్తి కేంద్రం కూడా అక్కడే ఉంది. ఏ జంతువు ప్రస్తుతం ప్రదర్శనలో ఉందో, టికెట్ ధర ఎంతో వెళ్లేముందు జూ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎన్‌క్లోజర్ దగ్గర అరవడం, రాళ్లు వేయడం, తిండి విసరడం చట్టప్రకారం నేరం. తోడేలు పొద చాటున పడుకుని కనిపించకపోతే డబ్బులు వృథా అయ్యాయని అనుకోవద్దు. దాక్కునే చోటు ఉన్న ఎన్‌క్లోజరే మంచి ఎన్‌క్లోజర్.

రోళ్లపాడు లాంటి చోటికి వెళ్లాలనుకుంటే ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోండి. తెల్లవారుజామున, దూరం నుంచి, బైనాక్యులర్స్‌తో చూడండి. బొరియ కనిపిస్తే దగ్గరికి వెళ్లవద్దు. లొకేషన్ పెట్టి ఫొటో షేర్ చేయడం అసలు వద్దు. మీ పోస్టు చూసి వచ్చేవాళ్లందరూ మీలాంటివాళ్లే అయి ఉండరు.

మన దగ్గర ఇలాంటిది వస్తుందా?

చట్టప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఏ ప్రాంతాన్నైనా అభయారణ్యంగా ప్రకటించవచ్చు. ప్రభుత్వ భూమిలో, స్థానికుల సంప్రదింపులతో ‘కన్జర్వేషన్ రిజర్వు’ అనే తేలికైన ఏర్పాటు కూడా ఉంది. అందులో మేత హక్కులను పూర్తిగా తీసేయాల్సిన అవసరం ఉండదు. తోడేలు లాంటి జంతువుకు, మందలు మేసే నేలకు ఇది ఎక్కువ సరిపోతుంది. గొర్రెల కాపరికీ, తోడేలుకూ కావాల్సింది ఒకే నేల. బీడు ప్లాట్లుగా మారితే ఇద్దరూ కలిసే నష్టపోతారు.

బంకాపుర చేసిన మేలు ఎనిమిది పిల్లలు పుట్టిన చోటును కాపాడటం. ఆ పిల్లలు పెద్దవై గుట్ట దిగే రోజున కింద ఒక మంద ఉంటుంది. ఆ మంద యజమానికి పోయిన గొర్రెకు డబ్బు సకాలంలో అందితే తోడేలు వెనక్కి గుట్ట ఎక్కుతుంది. అందకపోతే 332 ఎకరాలున్నా, 3 వేల ఎకరాలున్నా ఫలితం ఒకటే. బీర్పూర్‌లోనైనా, గంగావతిలోనైనా తోడేళ్ల పార్కుకు అసలు ద్వారం రేంజ్ ఆఫీసులోని ఆ దరఖాస్తు కాగితమే.